నిస్తంత్రీ కేంద్రముల సహకారము – దాని పుట్టుపూర్వోత్తరములు

షార్టువేవు రేడియో విన్నవారికి ఒక చిక్కు బాగుగా తెలియును. దూరదేశపు కేంద్రము చక్కగా వినబడుచుండగనే గొంతు సన్నగిల్లి గురగురలో మునిగిపోవును. కొన్ని క్షణములకు మరల తేలివచ్చును. ప్రసారకేంద్రమున శక్తి యేమియు తగ్గలేదు. అయనావరణమున వేర్వేరు త్రోవల పరావర్తనము చెందిన తరంగములు మన ఏరియలు చెంత ఒకప్పుడు కలిసి బలపడును, ఒకప్పుడు ఒకదానినొకటి రద్దుచేసికొనును. దీనిని క్షీణనమందురు. నగరములో సెల్‌ఫోనునకును ఇదే బాధ. అచ్చట పరావర్తనము చేయునవి మేడలు, గుట్టలు, బస్సులు.

ఇందుకు మొదట తోచు మందు శక్తిని పెంచుట. ఆ మందు ఎంత ఖరీదైనదో చూడుడు. మేడల నడుమ సామాన్యముగా కనబడు క్షీణనమున, పదింట ఒకసారి తెగు సంబంధము నూటికి ఒకసారి మాత్రమే తెగవలెనన్నచో ప్రేషకశక్తి సుమారు పదిరెట్లు కావలెను. వేయింటికొకసారి యన్నచో మరి పదిరెట్లు! అట్లుగాక, దూరదూరముగా రెండు గ్రాహకములున్నవనుకొందము. ఒకదానిలో క్షీణించిన తరంగము రెండవదానిలోను అప్పుడే క్షీణించవలెనను నియమము లేదు. ఒక్కొక్కటి పదింట ఒకసారి విఫలమైనను, రెండును ఒక్కమారే విఫలమగుట నూటికొకసారియే. ప్రేషకమున ఒక్క వాటైనను పెంచలేదు.

ఈ ఉపాయము పాతదే. అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థకు చెందిన బెవరేజ్, పీటర్సన్ అను ఇంజనీర్లు, దూరముగా నాటిన ఏరియళ్ళకు వేర్వేరు గ్రాహకములను తగిలించి, వాని ఫలితమును కలుపు పద్ధతిని 1931లో ప్రకటించిరి.

1946 జూన్‌లో సెయింట్ లూయిస్ నగరమున బెల్ వ్యవస్థ కారులలో టెలిఫోను ప్రవేశపెట్టినది. నగరమంతటికి ఒక్క బలమైన ప్రేషకము చాలినది. కాని కారులోని ప్రేషకము బలహీనము. దాని మాట కేంద్రమునకు తిరిగి చేరదు. అందుచే ఊరిలో పలుచోట్ల గ్రాహకములను నెలకొల్పిరి. ఒక నోరు, పలు చెవులు! చరిత్ర చెప్పువారు తరచు 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో డి. హెచ్. రింగ్ వ్రాసిన పత్రముతో ప్రారంభింతురు. సహకారమునకు సంబంధించినంతవరకు సెయింట్ లూయిస్ చెవులే మొదటివని నా యభిప్రాయము.

రింగ్ పత్రము ఊరిని చిన్న చిన్న గదులుగా విభజింపుమన్నది. గదికొక చిన్న ప్రేషకము. దూరపు గదులలో అవే పౌనఃపున్యములు మరల పనికివచ్చును. ఇది 1979లో టోకియోలోను, 1983లో చికాగోలోను వాడుకలోనికి వచ్చెను. శక్తి ఆదా అయినది గాని, కేంద్రములు ఒంటరివైనవి. గది సరిహద్దున ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టుకొను నడుమ సంభాషణ తెగెడిది.

1990 తరువాత వచ్చిన సి.డి.ఎం.ఏ. పద్ధతిలో సరిహద్దుననున్న ఫోను రెండు మూడు కేంద్రములతో ఒకేసారి మాటాడసాగెను. 1995లో హాంకాంగున ఇది వ్యాపారరీత్యా ఆరంభమయ్యెను. ఇచ్చటనే లెక్క రెండుగా చీలినది. ఫోను పలుకునప్పుడు రెండు కేంద్రములు వినుట దాదాపు ఉచితలాభము. కాని ఫోనుకు వినిపించుటకు రెండు కేంద్రములును శక్తి వెదజల్లవలెను. అది ఇతరులకు రొదయే.

1994లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఆరన్ వైనర్ గణితరీత్యా మరియొక మెట్టెక్కెను. కేంద్రములన్నియు గ్రహించిన దానిని ఒక్కచోటికి చేర్చి కలిపి విప్పినచో, పొరుగుగది రొద కూడ ఉపయోగపడు సమాచారమగునని చూపెను. బెర్లిన్, డ్రెస్డెన్ నగరములలో దీనిని వీధులలో పరీక్షించిరి. 2012 ప్రాంతమున 3జీపీపీ ప్రమాణములలో, పదునొకండవ విడుదలయందు, ఇట్టి సహకారమునకు చోటు దొరకెను.

అయితే కేంద్రములు మాటలను గాక తరంగపు నమూనాలనే పంపుకొనవలసి వచ్చినప్పుడు చూడుడు. నాల్గవ తరమున 20 మెగాహెర్ట్‌జ్ వెడల్పునకు, ఒక్క ఏరియలుకు, సెకనునకు 3,07,20,000 నమూనాలు. నమూనాకు 30 బిట్ల చొప్పున సుమారు 92 కోట్ల బిట్లు. అందులో వాడుకరికి చేరు సమాచారము పదోవంతు ప్రాంతమే! దీనిని మోయు గాజుతీగకు, లెక్కించు యంత్రములకు, వానిని చల్లబరచుటకు విద్యుత్తు కావలెను. ఆకాశమున మిగిల్చినది గదిలో ఖర్చగును. 2010లో చైనా మొబైల్ సంస్థ పలు కేంద్రముల లెక్కింపు యంత్రములను ఒక్క గదికి చేర్చు పథకమును ప్రకటించుటకు శీతలీకరణ ఖర్చు ఒక ముఖ్యకారణము.

కావున ఇంజనీర్లు అందరికిని సహకారమీయరు. స్తంభము క్రిందనే నిలిచి మాటాడువానికి రెండవ కేంద్రము సాయమక్కరలేదు. రెండు స్తంభములకు నడుమ, పొలముగట్టున నిలిచి మాటాడువానికి మాత్రము రెండింటిని కలుపుదురు. అతడు ఊరిలోనికి నడచివచ్చినంతనే రెండవదానిని విడిపింతురు.