ఓడ పగిలినా సరుకు వారిదే

విశాఖ రేవులో పరదేశి వర్తకుల మాటెత్తితే మనవాళ్లు డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్ల దగ్గరే ఆగిపోతారు. వాళ్లకు ఐదారు వందల ఏళ్ల ముందే అక్కడ అంజువణ్ణం ఉండేది. 11వ శతాబ్ది చివరి నాటి విశాఖ శాసనాల్లో ఆ పేరు కనిపిస్తుంది.

అంజువణ్ణం అంటే పడమటి సముద్రం దాటి వచ్చిన వర్తకుల సంఘం. కేరళలో 849 నాటి కొల్లం తామ్రశాసనంలోనే దాని ప్రస్తావన ఉంది. దానికి సాక్షులుగా అరబ్బీ, పహ్లవీ, హీబ్రూ లిపుల్లో సంతకాలు చేశారు. రానురాను ఆ పేరు ముఖ్యంగా ముస్లిం వర్తకులకు స్థిరపడింది.

విశాఖకు అప్పట్లో కులోత్తుంగచోళపట్టణమనే పేరు కూడా ఉండేది. ఆ పేరులోని చోళరాజు కులోత్తుంగుడు మనకు పరాయివాడేమీ కాదు, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడి కొడుకు. వర్తకం రుచి బాగా తెలిసినవాడు. 1077లో 72 మందిని చైనా చక్రవర్తి కొలువుకు పంపాడు. మరో పదేళ్లకు, 1087లో, చైనా ప్రభుత్వం క్వాన్‌జౌ రేవులో సముద్ర వర్తకానికి ప్రత్యేక కచేరీ తెరిచింది. అరబ్బులు జైతూన్ అని పిలిచిన రేవు ఇదే. 1009 నాటికే అక్కడ మసీదు లేచింది. అంతకుముందు గ్వాంగ్‌జౌ రేవులో ముస్లింల తగవులు తీర్చడానికి చైనా పాలకులు ముస్లిం పెద్దనే నియమించేవారని 851 నాటి అరబ్బీ వృత్తాంతం చెబుతుంది. అదే ఊళ్లో మరో పాతికేళ్లు దాటీ దాటకుండానే హువాంగ్ చావో తిరుగుబాటుదారులు పరదేశి వర్తకులను ఊచకోత కోశారు.

పరదేశి రేవులో వర్తకుడికి లాభం కంటే ముందు కావలసింది అభయం. అది రాతిలో కనబడాలంటే బాపట్ల జిల్లా మోటుపల్లికి వెళ్లాలి. అక్కడ 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు రాజులు లాగేసుకోవడం అంతవరకూ వాడుక. మునిగినవాడి మీదే మరో దెబ్బ అన్నమాట! గణపతిదేవుడు ఆ వాడుక మానేశాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనన్నాడు. ఎగుమతి, దిగుమతులపై ముప్పయ్యో వంతు. ఆ పైన సరుకుల జాబితా: మంచిగంధం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు. దయతోనే ఇదంతా చేశానని శాసనం అంటుంది. దయ ఉండే ఉంటుంది, కానీ రేవు కళకళలాడితే బొక్కసమూ నిండుతుందని ఆయనకు తెలియకపోదు.

పిలుపు పనిచేసినట్టే ఉంది. మార్కో పోలో తన కథనంలో జైతూన్‌ను ఎంత పొగిడాడో, ముత్ఫిలి అని తాను పిలిచిన మోటుపల్లి వజ్రాలనూ సన్నని నేతనూ అంత మెచ్చుకున్నాడు. మోటుపల్లిలో చైనా పింగాణీ పెంకులూ దొరికాయి.

జైతూన్ అదృష్టం తిరగబడింది. 1357లో అక్కడ పారసీక దండు తిరుగుబాటు లేపింది. తొమ్మిదేళ్ల పోరు ముగిసేసరికి ముస్లిం వర్తకుల పేట చితికిపోయింది. తిరుగుబాటు మొదలైన మరుసటి ఏడు, 1358లో, కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించాడు. వచ్చి నివాసముంటామంటే భూమి ఇస్తామన్నాడు. వెళ్లిపోతామంటే ఆపేది లేదన్నాడు. కొడుకులు లేకుండా పోయినవాడి సొత్తు మీద ఉన్న అపుత్రిక పన్ను కూడా ఎత్తేశాడు.