కావలివారి వేషము: కూచిపూడి వారి ఒక కేళిక పుట్టుపూర్వోత్తరములు

కూచిపూడి యన్నంతనే తెలుగువాని మనస్సున మెదలునది తెరమీదుగా వాలుజడ విసరి ప్రవేశించు సత్యభామ. ఆ జడయు, ఆ ప్రవేశదరువును, ఆమె యలుకయు మనకు ప్రాణసమానములే; కాని ఆ భాగవతులను గూర్చి చరిత్ర కందిన తొలి ముచ్చటలలో పేరెన్నికగన్న దానియందు సత్యభామయు లేదు, పారిజాతమును లేదు. అందున్నవారు ప్రజలను పట్టి హింసించిన యొక పాలకుడును, వాని యానతికి తలయొగ్గిన బంట్లును, వారి చేజిక్కిన యొక యాడుదియును.

ఆ ముచ్చట కడప మండలమున సిద్ధవటము సీమకు చెందిన మాచుపల్లి కైఫియత్తునందున్నది. కాలిన్ మెకంజీ దొర తన యుద్యోగులచేత ఊరూర సేకరింపజేసిన స్థానిక చరిత్రలలో నిది యొకటి. సమ్మెట గురవరాజను పాలకుడు ధనాశాపరవశుడై, పన్ను చెల్లింపజాలని వారి యిండ్ల స్త్రీలను పట్టి తెప్పించి, వారి రొమ్ములకు చిరతలు బిగింపించి పైకము రాబట్టుచుండెనట. వినుకొండ, బెల్లంకొండ ప్రాంతములనుండి బయలుదేరి ఆ సీమకు వచ్చిన కూచిపూడి మేళమువారు ఈ ఘోరమును చూచి సహింపజాలక, విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల యెదుట కేళిక యాడుటకు అనుజ్ఞ వడసిరి.

రాయల సమ్ముఖమున వారాడినది పురాణకథ కాదు. ఒకడు గురవరాజుగను, ఇద్దరు వాని బంట్లుగను, మరియొకడు పన్ను కట్టలేని యింటి యిల్లాలుగను వేషములు ధరించి, తాము చూచివచ్చిన దానిని చూచినట్లే యభినయించిరి. రాయలు విస్మితుడై దీని భావమేమని యడుగగా, వారు జరిగినదంతయు విన్నవించిరి. అంతట నాతడు ఇస్మాయిల్ ఖానుని సైన్యముతో పంపి గురవరాజును పట్టించి హతము చేయించెనని కైఫియత్తు చెప్పుచున్నది. ఈ వృత్తాంతమునకు 1502వ సంవత్సరమును చెప్పుట వాడుకయైనది. వీరనరసింహరాయలు స్వయముగా సింహాసన మధిష్ఠించినది 1505లో గనుక ఆ తేదీ నొకింత అటునిటుగా నెంచుకొనవలెను. అంతమాత్రమున కథకు వచ్చిన లోటు లేదు.

అర్జీ వ్రాసి యిచ్చుటకు మారుగా ఆట యేల ఆడవలసివచ్చినది? ఈ ప్రశ్నయందే కూచిపూడి సంప్రదాయముయొక్క బలమంతయు నున్నదని నా నమ్మకము. అక్షరములలో 'హింసించుచున్నాడు' అని వ్రాసిన, చదువువాడు ఒక క్షణము నొచ్చుకొని పత్రమును మడిచి పెట్టవచ్చును. కన్నులయెదుట బంటు చేయి చాచుటయు, ఆడుది వెనుకకు నొదుగుటయు చూచిన ప్రభువునకు ముఖము త్రిప్పుకొను తెరవు లేదు. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి యున్నది. కూచిపూడి మేళములలో తరతరములుగ స్త్రీపాత్రలను పురుషులే ధరించుచు వచ్చిరి. ఈ కట్టుబాటును మనవారు సత్యభామ హొయలకు, వేదాంతం సత్యనారాయణశర్మగారి వంటి నటుల నైపుణ్యమునకు ముడిపెట్టి మెచ్చుకొందురు, అది న్యాయమే. కాని ఆనాటి కొలువులో నీ కట్టుబాటు చేసిన మేలు మరింత గొప్పది. అవమానింపబడిన ఏ యింటి యాడుబిడ్డను గాని సాక్ష్యమునకై మరల పదిమందిలోనికి ఈడ్చుకొని రానక్కరలేకయే, ఆమె బాధను సభ యెదుట నిలుపగలిగిరి. ఆమె మానమును కాపాడినది ఆ భాగవతుడు కట్టిన చీరయే.

బందీలను కాచువారిని రంగమున నిలిపి చూపుట లోకమున నితరత్రయు నున్నదే. జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్టులు రచించిన 'డాడ్స్ ఆర్మీ' యను ఆంగ్ల హాస్యధారావాహికలో, 1973 అక్టోబరు 31న ప్రసారమైన భాగమున, పట్టుబడిన జర్మను జలాంతర్గామి నావికులకు ఒక రాత్రి కాపలా యుండవలసిన భారము ఒక చిన్న యూరి స్వచ్ఛంద దళము నెత్తిన పడును. 1940 మే 14న మంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో పిలుపునీయగా దేశమంతట నేర్పడిన దళముల కది ప్రతిరూపము. నాయకుడు బ్యాంకు మేనేజరు, మరొకడు మాంసము కొట్టువాడు, ఇంకొకడు శవసంస్కారముల యేర్పాట్లు చూచువాడు. హిట్లరును గేలిచేసిన యొక దళపు కుఱ్ఱవాని పేరును పగతీర్చుకొనుటకై పట్టికలో వ్రాసికొనబోయి బందీ నాయకుడు పేరడుగగా, పేరు చెప్పవద్దని వారించుచు ఆ దళనాయకుడే ఆ పేరు పలికివేయును. పెర్రీ తన యౌవనమున నట్టి దళములో పనిచేసినవాడే గనుక ఆ తడబాటునందు నిజమైన మమత కనబడును. అయితే ఆ నవ్వు యుద్ధము ముగిసిన యిరువది యెనిమిదేండ్లకు నవ్విన నవ్వు. మన భాగవతులాడిన నాటికి గురవరాజు గద్దెమీదనే యుండెను, చిరతలు బంట్ల చేతులలోనే యుండెను. రాయలు నమ్మకపోయినచో తిరుగుదారిలో వారి గతి యేమగునో ఊహింపవలసినదే.

తరువాతి కథ తెలుగువారందరు నెఱిగినదే. సిద్ధేంద్రయోగి భామాకలాపమును కూర్చి భాగవతులచేత నాడించెననియు, 1672 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన తానీషా ప్రభువు వారి యాట చూచి మెచ్చి కూచిపూడిని అగ్రహారముగ నొసగెననియు ప్రతీతి. ఆ వైభవమున నీ కేళిక వెనుకబడిపోయినది. చరిత్రగ్రంథములలో దీనికొక పేరా దొరకును గాని, కలాపములతోను, ఉషాపరిణయము, ప్రహ్లాద చరిత్రములవంటి యక్షగానములతోను సమానముగ దీని నాడువారు కానరారు. కూచిపూడిలోనే, దేవాలయము ముంగిట, విద్యుద్దీపముల నార్పించి, ఇద్దరు మనుష్యులు తెర పట్టగా, దివిటీలపై గుగ్గిలపు పొడి చల్లిన వెలుగున, నలుగురు నటులతో దీనిని మరల కూర్చి యాడవలెనని ఆ యూరి గురువులను చేతులు జోడించి వేడుకొనుచున్నాను. స్త్రీవేషము మాత్రము, ఆనాటివలెనే, పురుషుడే కట్టవలెను.