సికింద్రాబాదు సెలవుదినముల సంగీతసభలు

సికింద్రాబాదున డిసెంబరు, జనవరి మాసములందు జరుగు కర్ణాటక సంగీతసభలను గూర్చి ప్రస్తావించువారు వానిని సామాన్యముగా ధనుర్మాస సంప్రదాయమునకు ముడిపెట్టుదురు. వేకువజామున తిరుప్పావై పాశురములు పాడు ఆచారమే క్రమముగా సాయంకాలపు సంగీతసభగా పరిణమించినదని వారి యభిప్రాయము. ఇది విన నింపైన మాట. కాని ధనుర్మాసవ్రతము ప్రాచీనమైనంత మాత్రమున ధనుర్మాసపు సంగీతసభ ప్రాచీనము కానేరదు. ఈ సభలకు కాలమును నిర్ణయించినది దేవాలయపు పంచాంగము కాదనియు, కార్యాలయపు సెలవుల పట్టిక యనియు మా యభిప్రాయము. తెలుగున ‘కచేరి’ యను మాటకు రెండర్థములు గలవు. ఉద్యోగులు కూర్చుండి వ్యవహారములు నడుపు చోటును కచేరియే. విద్వాంసులు కూర్చుండి పాడు సభయు కచేరియే. మొదటి కచేరి మూతపడిన దినములలో రెండవ కచేరి సాగినదనుటయే ఈ వ్యాసమున మేము నిరూపింపబూనిన విషయము.

పూర్వము మన సంగీతసాహిత్యసభలు తిథిని బట్టి జరిగెడివి. విజయనగర ప్రభువుల మహానవమి యుత్సవములను పోర్చుగీసు యాత్రికులు వర్ణించియున్నారు. తెలంగాణమున గద్వాల సంస్థానమందు కార్తీక, మాఘమాసములలో పండితులును కవులును సమావేశమై సత్కారములందుకొనుట ప్రసిద్ధము. ఇట్టి సభలయందు దాత యొక్కడు, వినువారు ఆహూతులు, రుసుమను మాటయే లేదు. ఇరువదవ శతాబ్ద్యారంభమున కాకినాడయందు నెలకొనిన సరస్వతీ గానసభ ఈ రెండు యుగములకు నడిమిది. దసరా నవరాత్రులను అది విడువలేదు. కాని దాని వెనుక నిలిచినది రాజాస్థానము కాదు, పట్టణములోని సంగీతాభిమానులు. తిథి పాతది, పోషణ క్రొత్తది. తిథి సయితము మారినది మద్రాసున.

1927 డిసెంబరున మద్రాసునందు కాంగ్రెసు మహాసభ జరిగెను. దానితోపాటు అఖిలభారత సంగీత సమ్మేళనము నొకదానిని నడిపిరి. ఆ సమ్మేళనపు తీర్మాన ఫలముగా 1928 ఆగస్టు 18వ తేదీన మద్రాసు సంగీత అకాడమీ ప్రారంభమయ్యెను. తరువాత దాని వార్షికసభలు డిసెంబరు చివరి దినములకు స్థిరపడినవి. కాంగ్రెసు డిసెంబరులో ఏల సమావేశమయ్యెడిది? ప్రతినిధులలో పెక్కురు న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు. క్రిస్మస్ సెలవులకు న్యాయస్థానములును కళాశాలలును మూతపడిన గాని వారికి ప్రయాణావకాశము లేదు. రాజకీయసభకు సెలవు లెట్లు ఆధారమో, దాని పొరుగున పుట్టిన సంగీతసభకును అట్లే ఆధారమైనవి. మార్గళిమాస మాహాత్మ్యము తరువాత వచ్చి చేరిన వ్యాఖ్యానము.

అయితే ధనుర్మాసమునకు ఈ విషయమున ఏ పాలును లేదని మేము చెప్పము. ఆ మాసమున వివాహములు జరుగవు. వివాహములు లేనప్పుడు పెండ్లికచేరీలు నుండవు. వానిపై నాధారపడిన గాయకులకు, వాద్యకారులకు తీరిక చిక్కును. శ్రోతకు క్రిస్మస్ సెలవు, విద్వాంసునకు శూన్యమాసపు తీరిక, ఈ రెండును ఒకే పక్షమున కలిసినవి. మాసము చేసిన మేలు ఇంతవరకే గాని, అది భక్తివలన కలిగినది కాదు.

ఇక సికింద్రాబాదు సంగతి. ఈ నగరము రాజధాని ప్రక్కన పుట్టియు రాజధానితో చిరకాలము కలియలేదు. 1798 నాటి సంధి ననుసరించి వచ్చిన ఆంగ్లేయ సైన్యము హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున విడిసెను. 1806లో మూడవ నిజాము సికందర్ జాహ్ పేర ఆ ప్రదేశమునకు సికింద్రాబాదని నామకరణము జరిగెను. జనులు మాత్రము నేటికిని దానిని లష్కరనియే వ్యవహరింతురు. ఆ సైన్యమునకు మద్రాసు పటాలములు ఆధారము గనుక, వానిని వెన్నంటి తమిళులు, కోస్తా తెలుగువారు, ఆంగ్లో ఇండియనులు, గుత్తేదారులు, గుమాస్తాలు ఇచ్చట స్థిరపడిరి. 1874లో రైలుమార్గము వచ్చిన తరువాత ఆ సంఖ్య మరింత పెరిగెను.

సాగరమునకు రెండు ఒడ్డులందును కాలగణనమే వేరు. నిజాము ప్రభుత్వ కార్యాలయములు ఫసలీ సంవత్సరమును, ఆజూరు, దై, బహమన్ మొదలగు మాసములను పాటించినవి; వారపు సెలవు శుక్రవారము. లష్కరున ఆదివారము సెలవు, క్రిస్మస్ పెద్ద సెలవు. కట్టదాటి నాలుగు మైళ్లు పోయినచో వారమునకు ముగింపే మారిపోయెడిది! కావున దక్షిణపుటొడ్డున శ్రోత యొకదినము తీరికగా నుండగా ఉత్తరపుటొడ్డున శ్రోత మరియొకదినము తీరికగా నుండెను. రెండు నగరముల రసికులును కలిసి వినుట కిది యెంత యడ్డమో ఊహింపవచ్చును. 1948 సెప్టెంబరు తరువాత సాగిన పరిపాలనా మార్పులతో గాని ఈ భేదము తొలగలేదు. హైదరాబాదు సంగీతచరిత్ర వ్రాయువారు దర్బారు గాయకులను స్మరింతురు గాని, ఈ రెండు వారముల ప్రసక్తి తేరు. మాకిది ముఖ్యముగా దోచుచున్నది.

లష్కరున దర్బారు లేదు. కనుక ఏ సభ జరుగవలెనన్నను చందాయే శరణ్యము. ఈ యలవాటు సంగీతముతో మొదలైనది కాదు. 1862లో సోమసుందరం మొదలియారు స్థాపించిన పాఠశాల మహబూబు కళాశాలగా ప్రసిద్ధికెక్కెను. 1893 ఫిబ్రవరి 13న వివేకానందస్వామి అమెరికా ప్రయాణమునకు పూర్వము ప్రసంగించినది ఆ కళాశాలయందే. పౌరులు కూడి విద్యాసంస్థను నడుపుట, సాయంకాలమున ఉపన్యాసమును వినబోవుట అలవడిన నగరమున, సంగీతసంఘము పుట్టుట వింత కాదు. ఇట్టి సంఘములకు కార్యదర్శి సాధారణముగా ఏ రైల్వే గుమాస్తాయో, లెక్కల శాఖ యుద్యోగియో యగును. సభ్యత్వపుపట్టిక, వార్షికచందా, రసీదుపుస్తకము, మహాసభలో ఆయవ్యయనివేదిక, ఇవన్నియు అతడు పగటిపూట చేయుపనికి ప్రతిబింబములే. సంగీతమున కాఫీసు క్రమశిక్షణ అబ్బినదని కొందరు పరిహసింతురు. ఆ క్రమశిక్షణ లేకున్నచో సంస్థానములు పోయిన తరువాత విద్వాంసుని పిలిచి సంభావన యిచ్చువా డెవడు?

క్రిస్మస్ దినములలో లష్కరున పాట క్రొత్తది కాదు. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. చర్చిగాయకబృందములలో పాడువారు వృత్తిగాయకులు కారు. వారమంతయు ఉద్యోగములు చేసి, సాయంకాలములందు సాధనచేసి, పండుగనాడు పాడువారు. పాశ్చాత్యులు క్రిస్మస్ కాలమున విశేషముగ పాడుకొను హాండెల్ ‘మెస్సయ్య’ చరిత్రయు మన ప్రస్తుతాంశమునకు సాక్ష్యమే. 1741లో రచింపబడిన ఆ కృతిని తొలిసారి వినిపించినది 1742 ఏప్రిల్ 13న డబ్లిన్ నగరమున, ఋణగ్రస్తులైన ఖైదీలకును ఆసుపత్రులకును ధనసహాయార్థము. ఈస్టరుకాలపు కృతి క్రమముగా డిసెంబరునకు జరిగినది. పాటకును ఋతువునకును గల సంబంధము పాటలోనే యుండునని భావించుట అచ్చటను పొరపాటే.

తెలుగు సంఘములలో ఈ పాట మరియొక రూపమున వినవచ్చును. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు కర్ణాటక రాగములలో క్రైస్తవ కీర్తనలు రచించిరి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంకలనమున కీర్తనకు పైన రాగతాళముల పేర్లు ముద్రించుట పరిపాటి. మన సాహిత్యచరిత్రలు ఈ వాఙ్మయమునకు ఒకటి రెండు వాక్యములకు మించి చోటియ్యవు. అది న్యాయము కాదు. లష్కరున డిసెంబరు చివరి వారమున ఒక వీధిలో చర్చియందును, ప్రక్కవీధిలో సభయందును తెలుగుమాట రాగబద్ధమై వినబడుట కవకాశ మేర్పడినది. రెంటికిని ఆధారము ఒకే సెలవు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటతో కర్నూలు నుండి ఉద్యోగులు వచ్చిరి. 1961లో రవీంద్రభారతి వెలసినది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రముగా నేర్పడగా, దక్షిణ రైల్వేనుండి సంగీతాభిరుచిగల కుటుంబములు కొన్ని తరలివచ్చినవి. సౌత్ ఇండియన్ కల్చరల్ అసోసియేషన్ వంటి సంఘములు, మారేడుపల్లి, పద్మారావునగర్ ప్రాంతముల రసికులు, స్కందగిరి దేవాలయము, కీస్ పాఠశాల సభామందిరము: ఈ పేరులు సంగీతాభిమానులకు సుపరిచితములు. క్రిస్మస్ సెలవులనుండి సంక్రాంతి మీదుగా పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజారాధన వరకు ఒకే ఋతువుగా భావించు నలవాటు ఇట్లు బలపడినది.

ఈ సభలయందు మా శాఖవారు పట్టించుకొనవలసిన అంశ మొకటి కలదు. శ్రోతలలోను, శిష్యులలోను, చాలమంది మాతృభాష తమిళము, పాడునది తెలుగుకీర్తన. తమిళలిపియందు కకారగకారములకు ఒకే యక్షరము. పకార, బకార, భకారములకును అంతే. ‘గతి’ యని పాడవలసినవాడు వ్రాతను నమ్మినచో ‘కతి’ యనును. ‘భావము’నకును పాపమునకును తమిళలిపిలో వ్రాత ఒకటే యగుట చూచి నవ్వుకొననివారుండరు. ఈ చిక్కు తీర్చుటకే తమిళమున అచ్చైన కీర్తనగ్రంథములందు అక్షరముల కంటించి 2, 3, 4 అను అంకెలు వేయుట వాడుకైనది. ఆరాధననాడు గోష్ఠిగానము చేయువారి చేతులలో నుండు పత్రములను పరిశీలించినచో ఈ సమస్య ప్రత్యక్షమగును. ఘనరాగ పంచరత్నములలో నాటరాగకృతి సంస్కృతము; గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగకృతులు తెలుగు. తిరువయ్యారున వానిని గుంపుగా పాడు పద్ధతి 1940 తరువాతనే స్థిరపడినది. గుంపుగా పాడునప్పుడు ఒకరి తప్పు మరియొకరి కంటుకొనును.

కాని దోషమంతయు తమిళులదే యనుట అన్యాయము. తాళమునకు లొంగి పదమును నడుమ విరిచి, అర్థమును చెరచు తెలుగు గాయకులును కొల్లలు. తెలుగుకీర్తనను తరతరములుగా పాఠముచెప్పి నిలిపినవారిలో తమిళులు, సౌరాష్ట్రులు అధికము. వాలాజాపేట శిష్యపరంపర వ్రాతప్రతులు భద్రపడినది మధురయందలి సౌరాష్ట్రసభలో. మనము కావ్యపాఠములను తాళపత్రప్రతులతో సరిచూచి పరిష్కరింతుము. కీర్తనపాఠమును మాత్రము గాయకుల కంఠమునకు విడిచిపెట్టితిమి. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) అన్నమాచార్య సంకీర్తనలను పరిష్కరించి ఈ రెండు విద్యలును ఒకచోట ఇముడగలవని చూపిరి. 1974లో మద్రాసు అకాడమీవారి సంగీతకళానిధి బిరుదు వారిని వరించెను. వారి మార్గమున నడిచిన తెలుగు అధ్యాపకులు చాల తక్కువ.

పరిశోధకులకు ఆకరములు రాగిశాసనములు కావు. ఆహ్వానపత్రికలు, కార్యక్రమపత్రములు, వార్షికసంచికలు, రసీదుపుస్తకముల మొదళ్లు. కార్యదర్శి మరణించినచో వారసులు మొదట పారవేయు కాగితములివియే. ఒక్క ఆహ్వానపత్రికయందే ఏ భాషలో ముద్రించిరో, తేది ముందు వ్రాసిరో తిథి ముందు వ్రాసిరో, సభ యెన్ని గంటలకో, సభ్యులు కానివారికి ప్రవేశ మెట్లో తెలియును. తేది ముందా తిథి ముందా యనునది చిన్న ప్రశ్న కాదు. త్యాగరాజస్వామి సిద్ధిపొందినది 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు. తిరువయ్యారున ఆ తిథియే ప్రమాణము. నగరములందు పంచమి పనిదినమైనచో గోష్ఠిగానమును దగ్గరి ఆదివారమునకు మార్చుట సామాన్యమైనది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున 1978లో ప్రారంభమైన త్యాగరాజారాధన ఈస్టరు సెలవుల పరిసరములలో జరుగుచున్నది. అచ్చట పుష్యమాసమున మంచు కురియును, కచేరీలు తెరచియుండును. ఈస్టరునకు బడులు మూయుదురు.