వాగు అవతల సూది

2000వ సంవత్సరం, అక్టోబరు. వానలు వెనకపట్టాయి. భద్రాచలం నుంచి చర్ల వైపు వచ్చిన జీపు ఇక ముందుకు పోదు, ఇక్కణ్ణించి నడకే. ఆరోగ్య కార్యకర్త చెప్పులు చేతబట్టి వాగులోకి దిగాడు. వెనక నెత్తిన సంచితో ఏఎన్‌ఎం. ఆ వెనక మీరు. మోకాటి లోతు నీళ్లు, కాలికింద పాకుడు రాళ్లు. గూడెం పేరు అడక్కండి. ఇలాంటి గూడేలు ఈ అడవి నిండా ఉన్నాయి, ఇలాంటి రోజులూ చాలానే గడిచాయి.

ఇప్పచెట్టు కింద పిల్లలు మూగారు. కార్యకర్త బొమ్మల కార్డు తీశాడు. పసుపు పచ్చని పెచ్చు కట్టిన పుండు, దాని మీద సీతాఫలం తొక్కలా బొడిపెలు. "ఇట్టాంటిది మీ ఇంట్లో ఎవరికన్నా లేచిందా?" పిల్లలు నవ్వుతున్నారు. ఒకడి వేళ్ల సందుల్లో గజ్జి, ఇంకొకతె తలలో కురుపులు. అవి కావు. ఇంకో ఇల్లు. ఇంకో ఇల్లు.

వెతుకుతున్నది యాస్. మన దేశంలో దానికి కోయ రోగమనీ పేరుంది. గోండులకొస్తే గోండి రోగం, మాడియాలకొస్తే మాడియా రోగం. ఎవరి ఒంటిమీద కనబడితే వాళ్ల పేరే తగిలించారు. సబ్బు లేకపోవడానికీ, నీళ్లు లేకపోవడానికీ, దారి లేకపోవడానికీ మాత్రం ఎవరి పేరూ పెట్టలేదు. సుఖవ్యాధి అయిన సిఫిలిస్ క్రిమికి దీని క్రిమి దాయాది. అయితే పిల్లల ఆటల్లో అంటుతుంది: ఒకడి పుండు రసి ఇంకొకడి గీరుడుకి తగిలితే చాలు. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చెప్పుకోరు. వదిలేస్తే ఏళ్ల తర్వాత ఎముకను పట్టుకుంటుంది. అరుగు మీద పెద్దాయన్ని చూడండి, మోకాటి కింద ఎముక కొడవలిలా ముందుకు వంగింది.

చివరి ఇంట్లో దొరికాడు, ఏడేళ్ల పిల్లాడు. ఏఎన్‌ఎం వాడి కాలి పక్కన కార్డు పెట్టి చూసి కార్యకర్త వైపు తలెత్తింది. పరీక్షకు రక్తం తీశారు. మందు మాత్రం ఇప్పుడే. సీసాలో తెల్లటి పొడి, నీళ్లు కలిపి ఆడిస్తే చిక్కటి పాలలా తేలింది. బెంజథీన్ పెన్సిలిన్, పదేళ్ల లోపు వాళ్లకు 6 లక్షల యూనిట్లు, పెద్దలకు 12 లక్షలు. సన్న సూది పనికిరాదు, మూసుకుపోతుంది. వాడి కేకకు కోళ్లు చెదిరాయి.

తర్వాత ఆమె వాడి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. తల్లి అడ్డమొచ్చింది.

"మంచిగున్న పిల్లకి సూదెందుకు నర్సమ్మా?"

ఒకప్పుడు ప్రపంచమే ఈ ప్రశ్న దగ్గర తడబడింది. 1952 నుంచి 1964 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 46 దేశాల్లో సుమారు 5 కోట్ల మందికి వైద్యం చేయించాయి. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ పనిలో ఉంది. వ్యాధి 95 శాతం తగ్గింది. పోయినట్టేనని జట్లు వెనుదిరిగాయి. పైకి పుండు లేక, ఒంట్లో క్రిమి ఉన్నవాళ్లు మిగిలిపోయారు. 1970లలో అది మళ్లీ లేచింది. 1996లో ఒడిశాలోని కొరాపుట్‌లో మొదలై, 10 రాష్ట్రాల్లోని 51 జిల్లాలకు పాకిన ఈ కొత్త ప్రయత్నంలో రోగికే కాదు, చుట్టూ ఉన్నవాళ్లకూ సూది తప్పదు.

ఏఎన్‌ఎం ఇదంతా చెప్పలేదు. "బూడిద కింద నిప్పుంటది చెల్లే. పైకి కనబడదు" అంది.

తల్లి కాసేపు ఆలోచించి, ముందు తన చీర కుచ్చిళ్లు సడలించుకుంది. నాకే వేయి ముందు, అన్నట్టు.

మందు పడనివాళ్లకు ఏమైనా అవుతుందేమోనని అరగంట ఆగాలి. అందరికీ జావ వచ్చింది. 1996లో దేశంలో 3500 పైచిలుకు ఉన్న కేసులు 2004కల్లా సున్నా అవుతాయనీ, 2006 సెప్టెంబరులో ప్రభుత్వం యాస్ పోయిందని ప్రకటిస్తుందనీ, ఆ తర్వాతా అయిదేళ్ల లోపు పిల్లల రక్తం పరీక్షించి చూస్తారనీ, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర వేస్తుందనీ ఈ జావ తాగుతున్న వాళ్లలో ఎవరికీ తెలియదు. కార్యకర్త రిజిస్టరు నింపుతున్నాడు. పెద్దాయన వంకర కాలు ఇప్పుడు ఎవరికీ అంటించేది కాదు, దానికి గడి లేదు.

పొద్దు వాలుతోంది. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది, వాగు పొద్దుటికన్నా పెరిగింది. పెద్దాయన సంచి అడిగి తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. లోతు ఎక్కడ తక్కువో ఆయనకే తెలుసు. ఆ కాలు వేసినచోటే మీరూ కాలు వేస్తున్నారు.