అప్పీలు ఏళ్లతరబడి నానితే: చట్టం ఏమంటోంది, మనం ఏం చేయాలి

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను అగ్రకుల మూక వెంటాడి చంపింది. హత్యాకాండ జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని బాధితులు పోరాడి సాధించుకున్నారు. ఆ కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2014 ఏప్రిల్ 22న అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఒక్క అప్పీలుకే ఆరేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. 1985 నాటి కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో, అంటే 23 ఏళ్లకు వచ్చింది.

దేశంలోని చట్టం

2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 14ఏ సెక్షన్ చేరింది. దాని ప్రకారం అప్పీలును స్వీకరించిన మూడు నెలల్లో, వీలైనంతవరకు, హైకోర్టు తేల్చాలి. ‘వీలైనంతవరకు’ అన్న మాటలోనే గడువు జారిపోతోంది. 15ఏ సెక్షన్ బాధితులకు విచారణ గురించి తెలుసుకునే, తమ మాట వినిపించుకునే హక్కు ఇచ్చింది. సత్వర విచారణ హక్కు అప్పీలు దశకూ వర్తిస్తుందని అంతులే కేసులో (1992) సుప్రీంకోర్టు చెప్పింది. జామీను దొరక్క జైల్లో మగ్గే పేద ఖైదీకీ ఇదే హక్కు ఉంది.

ఐక్యరాజ్యసమితి తలుపు

అంతర్జాతీయ సంస్థలకు వెళ్లేముందు దేశంలోని న్యాయమార్గాలన్నీ వాడి చూడాలన్నది సాధారణ నియమం. ఆ మార్గాలు అకారణంగా సాగదీతకు గురైతే మినహాయింపు ఉంటుంది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది కానీ, వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. కాబట్టి ఆ కమిటీకి ఇక్కడి బాధితులు ఫిర్యాదు చేయలేరు. రెండు దారులు మాత్రం ఉన్నాయి. ఒకటి, మానవ హక్కుల మండలి ఫిర్యాదు విధానం. ఇది ఒక్కో కేసు కోసం కాదు, పదేపదే జరిగే తీవ్ర ఉల్లంఘనల కోసం. సాగదీత మినహాయింపు ఇక్కడా ఉంది. రెండోది, ప్రత్యేక ప్రతినిధులకు రాయడం. దీనికి కోర్టుల దారి ముగియాల్సిన పనిలేదు. అయితే వారు ప్రభుత్వాన్ని సంజాయిషీ అడగగలరే తప్ప తీర్పును మార్చలేరు.

కదిరి నుంచి చూస్తే

కదిరి నుంచి అమరావతి హైకోర్టు 400 కిలోమీటర్లకు పైనే. వానల్లేక వేరుశనగ ఎండితే బెంగళూరుకు కూలికి పోయే కుటుంబం ప్రతి వాయిదాకూ అంత దూరం వెళ్లలేదు. అందుకే కాగితాలు భద్రం చేసే పని సంఘాలు, విద్యార్థులు తీసుకోవాలి:

- తీర్పు ధ్రువీకృత నకలు వెంటనే తీసుకోవాలి.
- అప్పీలు నంబరు, ప్రతి వాయిదా తేదీ, ఎవరు అడిగితే వాయిదా పడిందీ రాసి పెట్టాలి.
- మూడు నెలలు దాటితే త్వరగా విచారించాలని పిటిషన్ వేయించాలి. అది తిరస్కరిస్తే ఆ ఉత్తర్వునూ దాచాలి.

జాప్యం అకారణమా కాదా అన్నది కేసు ఎంత చిక్కుగా ఉంది, ఆలస్యం ఎవరివల్ల జరిగింది అన్నవి చూసి తేలుస్తారు. ‘ఏళ్లు గడిచాయి’ అన్న ఆవేదన ఒక్కటే చాలదు. తేదీలతో నింపిన ఆ నోటుపుస్తకమే సాక్ష్యం.