కావలి వేంకట లక్ష్మయ్యగారి విజ్ఞాపనము

విద్యాకార్యములకు ధనము కావలయును. ధనము గలవారెల్లరు విద్యాభిరుచి గలవారు కారు. విద్యాభిరుచి గలవారికిఁ దఱచుగా ధనము లేదు. కావున నన్ని కాలములందును బండితుఁడు దాత నాశ్రయించుచునే యున్నాఁడు. రాజులు భూదానములు చేసిన కాలమున దానశాసనమందు దాత వంశము, ప్రతిగ్రహీత గోత్రము, క్షేత్రపు టెల్లలు, దానఫలము చెక్కఁబడినవి. కాని యా దానమునకు ముందు పండితుఁ డేమని యడిగెనో, రాజేల సమ్మతించెనో శాసనము చెప్పదు. కుంపిణీ ప్రభుత్వము వచ్చిన పిమ్మట నీ పద్ధతి మాఱెను. అడుగువాని మాట కాగితముపై కెక్కెను. దానిఁ బరిశీలించుటకు సభ లేర్పడెను. ఆ సభల తీర్పులును, తీర్పులకుఁ గారణములును వ్రాఁతమూలమున నిలిచెను. అందుచేత నాఁటి విజ్ఞాపనములు సఫలములైనను విఫలములైనను జరిత్రకారునకు సాధనములే. అట్టివానిలో నాంధ్రదేశ చరిత్రమునకు మిక్కిలి సంబంధించినది 1836వ సంవత్సరమునఁ ద్రోసివేయఁబడిన కావలి వేంకట లక్ష్మయ్యగారి విజ్ఞాపనము.

కావలివారు ఏలూరి వాస్తవ్యులు. అన్నదమ్ములలో వేంకట బొఱ్ఱయ్య, వేంకట లక్ష్మయ్య, వేంకట రామస్వామి యను మువ్వురు కల్నల్ కాలిన్ మెకంజీ కొలువునఁ బేరొందిరి. మెకంజీ స్కాట్లండునకుఁ జేరిన లూయిస్ ద్వీపమునఁ బుట్టి 1783లో మద్రాసు చేరెను. భూమిని గొలిచి పటములు వ్రాయుట యాతని వృత్తి. ప్రాచీన చరిత్రము నన్వేషించుట యాతని వ్యసనము. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట మైసూరు సర్వే నాతఁడు నడపెను. ఆతనికి దేశభాషలు రావు. ఆ లోపమును దీర్చినవాఁడు బొఱ్ఱయ్య. సంస్కృతాంధ్ర కర్ణాటములతోడ నింగ్లీషును నేర్చిన యీ యువకుఁడు హళగన్నడ శాసనములను సైతము చదువఁగలిగి, 1803లోఁ బిన్నవయసుననే కాలధర్మము నొందెను. హిందూదేశ విజ్ఞానద్వారము తనకుఁ దెఱచుకొనుటకు మొదటి మెట్టు బొఱ్ఱయ్య పరిచయమేయని మెకంజీ 1817లో సర్ అలెగ్జాండరు జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో నొప్పుకొనెను. బొఱ్ఱయ్య యనంతర మా పని భారము లక్ష్మయ్యపైఁ బడెను.

ఆ పని యెట్టిదో తెలిసికొన్నచోఁ గాని తరువాతి విజ్ఞాపనము విలువ తెలియదు. బ్రాహ్మణులును, జైనులును, ఇతరులును నైన సహాయకులు గ్రామగ్రామమునకుఁ బోయి కరణముల దండకవిలెలను, దేవాలయములలోని శాసనములను, వంశావళులను, వృద్ధులు చెప్పుకొను కథలను వ్రాసికొని పంపుచుండిరి. పోయిన చోటును, కలిసికొన్న మనుష్యులను, లభించిన గ్రంథములను, ఎదురైన యాటంకములను దెలుపుచు వారు లేఖలు వ్రాయవలసి యుండెను. వాని నన్నిటిని విడదీసి, చదివి, ఇంగ్లీషున సారాంశము వ్రాయించు నధికారము లక్ష్మయ్యది. ఈ కూర్పునే నేఁడు మెకంజీ కైఫీయతులని వ్యవహరించుచున్నారు. హెచ్. హెచ్. విల్సను 1828లోఁ గలకత్తాయందుఁ బ్రకటించిన రెండు సంపుటముల పట్టిక ననుసరించి యందు 1,568 గ్రంథములు, 2,070 స్థానిక వృత్తాంతములు, 8,076 శాసన ప్రతులు, 2,159 భాషాంతరములు, 2,630 చిత్రములు, 6,218 నాణెములు గలవు.

ఇంత కార్యమునకు ధన మెక్కడిది? సర్వేకై యిచ్చిన ధనము కొలతలకును బటములకును మాత్రమే. చరిత్రసామగ్రికై మెకంజీ తన జీతమునుండియే వెచ్చించెను. పదునైదువేల పౌనులకుఁ బైగా నాతని సొంతధన మిందులకు వ్యయమయ్యెనని జాన్‌స్టను చెప్పెను. 1821 మే 8వ తేదీన మెకంజీ మృతినొందఁగా బంగాళా ప్రభుత్వమువారు పదివేల పౌనులిచ్చి యా సామగ్రి నాతని భార్యవలనఁ గొనిరి. కొంతభాగము లండనునకుఁ బోయెను; దేశభాషలలోని భాగము 1828లో మద్రాసు చేరెను. సామగ్రికి వెల కట్టఁబడెను గాని, దానిఁ గూర్చిన మనుష్యులకు నిలుకడయైన వృత్తి యేర్పడలేదు.

ఈ దశలో లక్ష్మయ్య విజ్ఞాపనము పుట్టెను. మెకంజీ ప్రారంభించిన యన్వేషణము నడుమ నాఁగిపోయినదనియు, దానిని దక్షిణదేశమంతటఁ గొనసాగింపవలెననియు, అందులకుఁ బ్రభుత్వమువారు ధనసాహాయ్యము చేసినచోఁ దన పర్యవేక్షణమున సహాయకులను నియమించి నడపుదుననియు నాతని కోరిక. పూర్వము జరిగిన పనినిగూర్చి యొక సంగ్రహమును గూడఁ జూపెను. జాన్‌స్టను వంటి పెద్దల సానుభూతియు నాతనికిఁ గలదు. మద్రాసునందు హిందూ లిటరరీ సొసైటీ యను సభను నెలకొల్పుటకుఁ బూనుకొనుటచే నీతఁడు కేవలము కొలువు గోరినవాఁడు కాఁడనియు, విద్యావ్యాప్తినే కోరినవాఁడనియుఁ దెలియుచున్నది.

ప్రభుత్వమువారు కలకత్తా యాసియాటిక్ సొసైటీ యభిప్రాయము నడిగిరి. కార్యదర్శియగు జేమ్సు ప్రిన్సెపు 1836లో సభవారి పక్షమునఁ బ్రత్యుత్తర మిచ్చెను. ఆ ప్రత్యుత్తరమున రెండు కారణములు గలవు. ఇదివఱకుఁ గూర్చిన సామగ్రియే చక్కఁగాఁ బరిశీలింపఁబడలేదు గావున మొదట దానిని శోధింపవలెననుట యొకటి. లక్ష్మయ్య చూపిన సంగ్రహమును బట్టి చూచినను, సామాన్యముగా దేశీయులను బట్టి చూచినను, ఇట్టి కార్యమును నిర్వహించు యోగ్యత కానరాదనియు, వారు సహాయకులుగా మాత్రము పనికివత్తురనియుఁ జెప్పుట రెండవది. 1835లో నోరియంటల్ హిస్టారికల్ మాన్యుస్క్రిప్ట్స్ అను గ్రంథమును బ్రకటించిన రెవరెండు విలియం టైలరే తగినవాఁడని సభవా రభిప్రాయపడిరి. టైలరునకే ధనసాహాయ్యము లభించెను.

ఈ రెండు కారణములను వేఱువేఱుగా విచారింపవలెను. రెండింటిని గలిపి యంతయు నన్యాయమే యనుట గాని, యంతయు న్యాయమే యనుట గాని చరిత్రపద్ధతి కాదు.

మొదటి కారణమునందు బలము గలదు. విల్సను పట్టిక గ్రంథముల పేళ్లను, సంగ్రహములను మాత్రమే తెలిపినది. పూర్వసామగ్రి యిట్లుండఁగా మఱింత కూర్చుట కొట్టులోని ధాన్యము దంపక క్రొత్త పంటకుఁ బరువిడుటవంటిదని సభవారు తలంచిన దప్పులేదు. టైలరు తన పరిశీలనమును 1838 మొదలుకొని ప్రకటించెను. చెడిపోవుచున్న ప్రతులను మరల వ్రాయించెను. ఆ ప్రతులు లేనిచోఁ గొన్ని కైఫీయతులు నేఁడు చూడఁ జిక్కకపోయెడివి. ఐనను నీ వాదమునకు బదులును గలదు. కొట్టులోని ధాన్యము వేచియుండును. పొలములోని పంట వేచియుండదు. కథలు చెప్పు వృద్ధులు చనిపోవుదురు, దండకవిలెలు చెదలపాలగును, శాసనపు ఱాళ్లు గోడలలోఁ గలిసిపోవును. శోధించుటయుఁ గూర్చుటయు నొక్కసారి జరుగవలసిన పనులు. సభవారు వానిని ముందువెనుకలుగాఁ జేసిరి. ఆ నడుమ గడచిన కాలమున నెంత నశించెనో లెక్కింప వీలులేదు.

రెండవ కారణమునకు బలము లేదు. ఆ సభవారి కందుబాటులో నున్న సాక్ష్యమే దానిని ఖండించుచున్నది. బొఱ్ఱయ్య భాషాంతరీకరించిన జైనవృత్తాంత మాసియాటిక్ రిసర్చెస్ తొమ్మిదవ సంపుటమున నచ్చుపడెను. అది యా సొసైటీ తన పేరఁ బ్రకటించిన సంపుటమే. తమ్ముఁడు రామస్వామి దక్కను కవుల చరిత్రము నింగ్లీషున రచించి 1829లోఁ గలకత్తాయందే ముద్రింపించెను. అది యా సభ వెలసిన పట్టణమే. విల్సను పట్టికకు నాధారము దేశీయులు చేసిన భాషాంతరములే. ఒక్క సంగ్రహమును జూచి యొక మనుష్యుని యోగ్యతను శంకించుట విమర్శకుల హక్కు. దానితో నొక జాతి నంతటిని జేర్చుట హక్కు కాదు. ఆ మఱుసటి సంవత్సరమున, అనఁగా 1837లో, ప్రిన్సెపు బ్రాహ్మీలిపిని జదివి లోకప్రఖ్యాతి గాంచెను. ఆ కృషియం దాతనికిఁ దోడ్పడినవారిలోఁ గమలాకాంత విద్యాలంకారుఁ డొకఁడు. లిపి తెలిసినవాని కీర్తికిఁ గొఱఁత లేదు. కాని సహాయకుఁ డను పేరు క్రింద నెంత పాండిత్య మడఁగియుండునో యాతనికిఁ దెలియనిది కాదు. 2003లో ఫిలిప్ వేగనరు ప్రకటించిన వ్యాసమందును మెకంజీ సహాయకులు కేవలము లేఖకులు గారనియు, శాసనపరిశోధన పద్ధతిని నిర్మించినవారిలో భాగస్వాములనియు నిరూపింపఁబడినది.

అట్లైన లక్ష్మయ్య విజ్ఞాపనమునందు లోపమే లేదా? కలదు. టైలరు చేత నచ్చుపడిన గ్రంథమున్నది. లక్ష్మయ్య చేత సంగ్రహము మాత్రమే యున్నది. ఇరువదేండ్లకుఁ బైఁబడిన యాతని శ్రమ మెకంజీ పేరఁ జెలామణి యగుచుండెను. కొలువులో నున్నంతకాల మది దోషముగాఁ దోఁపదు. ప్రభువు పోయిన నాఁడు తన పనిని దనదని చూపుట కాధారము కావలసివచ్చెను. అదియునుగాక, అడిగిన కార్యము మిక్కిలి విశాలము. దక్షిణదేశ మంతటను శోధింతుమనుటకంటె నొక్క సీమను, ఒక్క కాలమును, ఇన్ని గ్రామములను శోధించి యీ ఫలమును జూపుదుమని యడిగియున్నచో, ముందు పాతసామగ్రిని శోధింపుఁ డను నాక్షేపమునకు సందు తక్కువయై యుండెడిది. ఐనను రెండవ యాక్షేపమున కేయొడంబడికయు మందు కాదు. అది విజ్ఞాపనమును జూచి పుట్టినది కాదు, దాని యడుగున నున్న సంతకమును జూచి పుట్టినది.

టైలరు పిమ్మట 1857 మొదలు 1862 వఱకు మూఁడు సంపుటముల పట్టికను బ్రకటించెను. సి. పి. బ్రౌను కైఫీయతులకుఁ బ్రతులు వ్రాయించి కాపాడెను. అవియే స్థానిక చరిత్రములను పేరఁ బరిశోధకులకు నేఁటికిని నాధారములు. ఇరువదవ శతాబ్దమున నాంధ్రుల విజ్ఞాపనములు వేఱుమార్గమునఁ బోయెను. 1911లో నేర్పడిన యాంధ్రసాహిత్యపరిషత్తు నిఘంటు నిర్మాణమునకుఁ బిఠాపుర సంస్థానాధీశుని సాహాయ్యము వడసెను. 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు దాత పేరనే వెలసినది. అచట నడుగువారిదియు నిచ్చువారిదియు నొక్క భాష. అడిగిన వస్తువు విలువను దాతకు మరల విప్పి చెప్పవలసిన పని లేకపోయెను. లక్ష్మయ్య కట్టి యనుకూలత లభింపలేదు.

ఈ వృత్తాంతము పాతది గాని యక్కఱ పాతది కాదు. నిన్న మొన్నటివఱకు విశాఖపట్టణపు జిల్లాలో నుండి, 2022లో ననకాపల్లి జిల్లాలోఁ జేరిన చోడవరమునే తీసికొందము. ఊరిపేరు చోడులను దలఁపునకుఁ దెచ్చును; పేరు మాత్రము చరిత్రము కాదు. అచ్చటి స్వయంభూ విఘ్నేశ్వరాలయముఁ గూర్చియు, చుట్టుపట్ల నిండ్లలోని తాళపత్రములఁ గూర్చియు శోధింపఁగోరు పాఠశాలా పండితుఁడు నేఁడు ప్రభుత్వము నడుగవచ్చును. 2003లో జాతీయ పాండులిపి సంస్థ యేర్పడెను. 2025లోఁ గోటికి మించిన వ్రాఁతప్రతులను బరిశీలింపఁజేయు జ్ఞానభారత ప్రణాళికను గేంద్రప్రభుత్వమువారు ప్రకటించిరి. అడుగు పండితుఁ డెన్ని ప్రతులున్నవో, ఎవరి యింట నున్నవో, ఎవరు చదువుదురో, ఎంతకాలము పట్టునో, ప్రతులెచట నుంచఁబడునో స్పష్టముగా వ్రాయవలెను. ముందుగా నొక్క గ్రంథమునైనఁ దన పేరఁ బరిష్కరించి చూపవలెను. తీర్పు చెప్పు సభవారు పనిని జూడవలెను గాని పుట్టుకను జూడరాదు. లక్ష్మయ్య కథనుండి యడుగువారు నేర్వవలసిన దొకటి. ఇచ్చువారు నేర్వవలసిన దంతకంటెఁ బెద్దది.