ఫొటో కెమెరాతో సినిమా: ‘దొంగల ముఠా’ ప్రయోగం

పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే కెమెరాతో పూర్తి నిడివి చలనచిత్రాన్ని నిర్మించవచ్చునని తెలుగునాట చాటిన ప్రయోగం ‘దొంగల ముఠా’. రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వంలో రూపొందిన ఈ చిత్రం 2011 మార్చి 18న విడుదలైంది. రవితేజ, ఛార్మి, ప్రకాశ్‌రాజ్, మంచు లక్ష్మి ప్రభృతులు నటించారు. కారు చెడిపోయిన దంపతులు ఒక వింత రిసార్టులో బస చేయడం ఇతివృత్తం. కథ అధికభాగం ఒకేచోట నడుస్తుంది. అతి స్వల్ప సిబ్బందితో 5 రోజులలో చిత్రీకరణ ముగిసింది.

ఇందుకు వాడినవి చేతిలో ఇమిడే కానన్ 5డి కెమెరాలు. ఈ శ్రేణిలో వీడియో సౌకర్యం 2008లో వెలువడిన మార్క్ 2తో ఆరంభమైంది. దాని సెన్సరు 36×24 మి.మీ. పరిమాణం గలది, అనగా సినిమా ఫిల్ము చట్రం కన్నా పెద్దది. అందువలన తక్కువ వెలుతురులోనూ దృశ్యం స్పష్టంగా పడుతుంది, దీపాల ఖర్చు తగ్గుతుంది. 35 మి.మీ. ఫిల్ము అయితే 1000 అడుగుల చుట్ట సుమారు 11 నిమిషాలకే అయిపోతుంది. ఒకసారి వాడినది మరల పనికిరాదు. మెమరీ కార్డును చెరిపి ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

లోపాలూ లేకపోలేదు. ఆ కెమెరా ఏకబిగిన సుమారు 12 నిమిషాలు మాత్రమే రికార్డు చేయగలదు. వేగంగా తిప్పితే నిలువు గీతలు వాలినట్లు కనిపిస్తాయి. దాని మైకు బలహీనమైనది గనుక శబ్దాన్ని విడిగా గ్రహించవలసి ఉంటుంది.

తెలుగు, తమిళ చిత్రాలు రెండింటినీ ఆదరించే ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల వారికి మరొక ఉదాహరణ తమిళంలోని ‘వళక్కు ఎణ్ 18/9’. బాలాజీ శక్తివేల్ దర్శకత్వంలో 2012లో వచ్చిన ఈ చిత్రాన్ని ఛాయాగ్రాహకుడు విజయ్ మిల్టన్ కానన్ 7డి ఫొటో కెమెరాతో తీశారు. ఉత్తమ తమిళ చిత్రంగా ఇది జాతీయ పురస్కారం పొందింది. పరికరం చౌకదైనా కథ బలమైనదైతే గౌరవం తగ్గదనడానికి ఇది నిదర్శనం.

అయితే సినిమాపై ఆశపడే యువకులు, వారి తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. ‘దొంగల ముఠా’కు పేరున్న తారలు, దర్శకుడు ఉన్నందున థియేటర్లు లభించాయి. కొత్తవారికి ఆ అండ ఉండదు. కెమెరా ఖర్చు తగ్గినా శబ్దం, ఎడిటింగు, ప్రచారం, విడుదల ఖర్చులు మిగిలే ఉంటాయి. నేడు సెల్‌ఫోనుతోనూ దృశ్యాలు తీయవచ్చు. కనుక పొలం తాకట్టు పెట్టి చిత్రం ఆరంభించక, ముందుగా 10 నిమిషాల లఘుచిత్రంతో చేయి సాధించుకోవడం శ్రేయస్కరం.